తొడిగేటప్పుడు చిట్లినవి

ఒంగోలులో ఒక ఎముకల డాక్టరుతో బేరమాడి గెలిచిన మనిషిని నేను. మా మార్టూరు బజారులో ఈ ఘనత ఇంకెవరికీ లేదు. చీరల కొట్లోనో, ఉల్లిపాయల బండి దగ్గరో, ఆటో ఎక్కే ముందో అందరూ ఆడతారు బేరం. డాక్టరు రాసిచ్చిన మాత్రకు ఆయన ముందే వంకలు పెట్టి, దర్జాగా లేచొచ్చి, చివరికి ఆ మాత్రను పక్క మనిషి చేత పూర్తిగా మాన్పించిన దాన్ని మాత్రం నేనొక్కదాన్నే. చాలాకాలం ఈ సంగతి నవ్వుతూ చెప్పుకున్నాను కూడా.

ఆ పక్క మనిషి గాజుల బూబమ్మ. పోయి రెండేళ్ళయింది.

మొన్నామధ్య అదే మాత్ర నాకు రాసిచ్చారు. మందుల షాపులో డబ్బా విప్పితే లోపలి నుంచి మడతలు మడతలుగా, మందు గురించి అచ్చేసిన ఆ కాగితం జారింది. చీమల బారు లాంటి ఆ అక్షరాలను నేను చూసిన వెంటనే గుర్తుపట్టాను. ఒకప్పుడు దాన్ని బజారంతా వినేలా చదివిన గొంతు నాదే కదా. షాపులో నిలబడే ఉన్నాను, ఎవరో నా ఎడమ చేతి బొటనవేలిని లోపలికి మడిచి, కణుపుల మీద మెల్లగా నొక్కినట్టయింది. తిరిగి చూశాను. నా వెనక దగ్గు మందు కోసం వచ్చినాయన తప్ప ఎవరూ లేరు.

బూబమ్మ అనేది పేరు కాదు. మా వైపు ముస్లిం ఇళ్ళల్లో పెద్దావిడను అలా పిలుస్తాం. అసలు పేరు రేషను కార్డులో ఉండేది. బజారుకు దానితో ఎప్పుడూ పని పడలేదు. మా నాన్న స్టీలు సామాన్ల కొట్టుకూ ఆమె గాజుల కొట్టుకూ మధ్య ఒకటే గోడ. ఇటు గిన్నెల మోత, అటు గాజుల గలగల. వాటి మధ్య పెరిగిన దాన్ని, మెల్లగా మాట్లాడమంటే నాకిప్పటికీ చేతకాదు.

ఆమె గాజులు అమ్మేది అనడం తప్పు. తొడిగేది. చెయ్యి లేకుండా గాజు ఇచ్చేది కాదు. "మా చెల్లెలికి ఒక డజను కట్టివ్వు బూబమ్మా" అంటే, "చెల్లెల్ని తీసుకురా" అనేది. "హైదరాబాదులో ఉంది." "అయితే హైదరాబాదులోనే తొడుగుతారు." అంతే. బేరం పోయినా సరే, పార్శిలు కట్టేది కాదు. ఇప్పటి కొట్లలో చేతికి ప్లాస్టిక్ కవరు తొడిగి దాని మీదుగా జార్చేస్తారు. ఆ పద్ధతంటే ఆమెకు రోత. "చెయ్యా, సొరకాయా? కవర్లో పెట్టడానికి?" అనేది. గద్దె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎదుటి మనిషి చేతిని ఒళ్ళోకి లాక్కుని ఒక్కసారి నొక్కి చూసేది. సైజు చెప్పేసేది. టూ ఫోరా, టూ సిక్సా, ఒక్కసారీ తప్పింది లేదు.

"నీది టూ ఫోర్ ఎముక, టూ సిక్స్ పొగరు" అంది నా పెళ్ళి గాజుల రోజున. మా అమ్మ పగలబడి నవ్వింది.

ఆ చేతుల్ని బట్టే ఊళ్ళో ఏ పంట నడుస్తోందో చెప్పేది. పత్తి తీసే రోజుల్లో వచ్చిన వాళ్ళ వేళ్ళ చివర్లు కాయ మొనలకు గీరుకుపోయి ఉండేవి. మిరపకోతల్లో వచ్చినవాళ్ళ అరచేతులు నిప్పులు. వాళ్ళ చేతులు పట్టుకుని పట్టుకుని సాయంత్రానికి ఆమె చేతులు కూడా మండిపోయేవి. గిన్నెడు మజ్జిగలో పది వేళ్ళూ ముంచుకుని, గుమ్మంలో పోయేవాళ్ళను పలకరిస్తూ కూర్చునేది. ఆ గిన్నె మా కొట్లోదే. తిరిగి ఇవ్వలేదు.

బిగుసుకుపోయిన చెయ్యి దగ్గర ఆమెకొక మాట ఉండేది. "చెయ్యి వదులు. వదులమ్మా. నీది కాదనుకో, నాకిచ్చెయ్." ఆ మాటతో ఎంత మొండి చెయ్యయినా మెత్తబడేది.

ఇంకొకటి, ఆ కొట్టు మొత్తానికి చట్టం లాంటిది. గాజు పగిలింది అనేది కాదు, చిట్లింది అనేది. తొడిగేటప్పుడు చిట్లితే ముక్కలు ఏరి పక్కన డబ్బాలో వేసి, "ఇది నా లెక్క" అనేది. కొట్టు మెట్టు దిగాక చిట్లితే నీ లెక్క. మెట్టు మీద చిట్లితే? ఒకసారి నేనే అడిగాను, చిన్నప్పటి నుంచీ ఇలాంటి సందులు వెతకడం నాకలవాటు. ఆమె మెట్టు వైపు చూసి ఆలోచించి, "మెట్టు నేను వేయించిందేగా. నాదే" అంది.

ఆమె చెయ్యి విరిగింది ఆ మెట్టు మీదే. పెద్దగా పడనూ లేదు. చెప్పు తొడుక్కుంటూ ఒరిగి, ఎడమ చెయ్యి నేల మీద ఆనించింది. అంతే. "కింద పడితే చిట్లేవి గాజులేననుకున్నానే అమ్మాయ్" అంది, వాలిపోయిన మణికట్టును కుడిచేత్తో ఎత్తి పట్టుకుని.

ఒంగోలు తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆమె కోడలికి చంటిపిల్ల. "నువ్వు రా. నువ్వయితే బాగా మాట్లాడతావు" అని నన్ను అడిగింది. ఆ మాటకు నేనెంత పొంగిపోయానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

కట్టు కట్టారు, ఎముకల పరీక్ష చేశారు. డాక్టరు కుర్రాడే, ఓపిక గలవాడు. "మామ్మగారూ, నిలబడ్డ ఎత్తు నుంచి పడితే చెయ్యి విరక్కూడదు. విరిగిందంటే లోపల ఎముక గుల్లబారింది" అన్నాడు. వారానికి ఒక మాత్ర రాశాడు. పరగడుపున, పెద్ద గ్లాసుడు మంచినీళ్ళతో. ఆ తరవాత అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు, టీ కూడా తాగకూడదు. కూర్చోవాలి, లేదా తిరగాలి.

"పడుకుంటే ఏమవుతుందండీ?" నేను.

"మాత్ర గొంతు గొట్టంలో ఆగితే అక్కడ పుండు పడుతుంది."

"ఇంకేం ఇబ్బందులున్నాయి?"

ఆయన దాచలేదు. కొందరికి గుండెల్లో మంట. చాలా అరుదుగా, పన్ను పీకించుకున్న చోట దవడ ఎముక మానకపోవడం. ఏళ్ళ తరబడి వాడిన కొద్దిమందికి, అదీ అరుదే, తొడ ఎముకలో చీలిక. అందుకే కొన్నేళ్ళు వాడాక ఆపి చూస్తామన్నాడు. మామ్మగారికి కదిలే పన్ను ఉంది కదా, ముందు దాని సంగతి చూపించుకుని అప్పుడు మొదలుపెట్టమన్నాడు.

సరుకులో లోపం అమ్మేవాడే చెబుతున్నాడంటే, చెప్పనివి ఇంకెన్ని ఉన్నాయో అనుకోవడం నా చదువు. మా నాన్న నేర్పింది అదే. గిన్నె అంచు మీద వేలు పోనిచ్చి సొట్ట వెతకాలి. దొరక్కపోతే ఇంకో రకం అడగాలి.

"ఇంకో రకం లేదా అండీ?"

"ఉంది. ఇది పడకపోతే ఏడాదికోసారి నరానికి ఎక్కించే మందుంది. మంట వస్తే మానెయ్యొద్దు, నా దగ్గరికి రండి, మారుద్దాం."

రెండో రకం అంత తేలిగ్గా బయటికి తీశాడంటే మొదటిది పాత స్టాకన్నమాట! బూబమ్మ వైపు చూసి కన్ను కొట్టాను. ఆమె నవ్వు ఆపుకుంది.

డాక్టరు కలం కింద పెట్టాడు. "అమ్మా, వేసుకుంటే ఏమవుతుందని ఇంతసేపు అడిగారు. వేసుకోకపోతే ఏమవుతుందో ఒక్కసారి కూడా అడగలేదు."

"చెప్పండి."

"ఒకసారి ఇలా విరిగిన వాళ్ళకు మళ్ళీ విరుగుతుంది. ఈసారి తుంటి కావచ్చు. ఇందాక చెప్పినవి అరుదు. ఇది అరుదు కాదు."

విన్నాను. చెవులతో విన్నాను. కానీ బేరం మధ్యలో అమ్మేవాడు భయపెడతాడని కూడా మా నాన్న చెప్పాడు. ఇక మిగిలింది లేచి నడవడం. "సరే, చూద్దాం లెండి" అని లేచాను. మా లెక్కలో ఏడో అడుగు లోపల షాపువాడు వెనక్కి పిలుస్తాడు. పిలవకపోతే సరుకు నిజంగా ఆ ధరదే. ఆ ఆసుపత్రి వరండాలో నేను అడుగులు లెక్కపెట్టాను. దేవుడి సాక్షిగా లెక్కపెట్టాను. ఆరో అడుగు దగ్గర మెడ తిప్పి చూశాను కూడా. ఆయన తరవాత పేషెంటు కోసం గంట నొక్కాడు.

బయట బూబమ్మ మందుల షాపు ముందు ఆగింది. "ఇంత దూరమొచ్చి ఉత్త చేతులతో పోతామా?" అని నెలకు సరిపడా నాలుగు మాత్రలు కొంది.

కదిలే పన్ను పీకించుకుంది, చిగురు మానింది, మాత్ర మొదలుపెట్టింది. ఆదివారం ఆదివారం. మొదటి రెండు వారాలు బాగానే గడిచాయి. మూడో ఆదివారం నడుము నొప్పిగా ఉందని, మాత్ర మింగి పది నిమిషాలకే టీ తాగి వాలింది. మర్నాడు పొద్దున్నే మా కొట్టు మెట్టెక్కింది, గుండె మీద అరచెయ్యి ఆనించుకుని.

"అమ్మాయ్, లోపల పచ్చి మిరపకాయ ఇరుక్కున్నట్టుంది. ఏం చేద్దామంటావు?"

ఒంగోలు పోదాం అనాలి. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. "డబ్బా తెచ్చావా? ఆ కాగితం ఇటియ్యి" అన్నాను.

కళ్ళద్దాలు పెట్టుకుని ఇంగ్లీషును తెలుగులోకి మారుస్తూ గట్టిగా చదివాను. గాజుల కోసం వచ్చిన నలుగురు ఆడవాళ్ళు మెట్ల దగ్గర చేరారు. వినేవాళ్ళుంటే నా గొంతుకు రెక్కలొస్తాయి.

"దవడ ఎముకంటే?" అంది బూబమ్మ.

"దవడ ఎముకే. తొడ ఎముక కూడా."

"అదేందే! ఎముకల మందు ఎముకనే తింటుందా?"

"అదే మరి! తుప్పు పట్టకుండా పూసిన రంగే గిన్నెను తినేస్తే ఇంక పుయ్యడం దేనికి?"

నలుగురూ నవ్వారు. ఒకామె "అవునమ్మా, మా అత్తకూ అలాగే" అని ఏదో సంబంధం లేని జబ్బు సంగతి ఎత్తుకుంది. బూబమ్మ నవ్వలేదు. మిగిలిన ఒక్క మాత్ర ఉన్న రేకును వేళ్ళ మధ్య వంచుతూ నన్నే చూసింది. ఆమె ఇంకొకరి చెయ్యి పట్టుకుని సైజు చెప్పే ముందు ఎలా చూసేదో అలా.

"మానెయ్యమంటావా?"

"మానెయ్."

తూకం వేసినట్టే అనిపించింది నాకు. ఇప్పుడు తెలుస్తోంది, ఒక పళ్ళెంలో కాగితం మీదున్న వంకలన్నీ పోశాను. రెండో పళ్ళెంలో పెట్టాల్సింది ఆమె తుంటి. అది ఎక్కడా అచ్చు వేసి లేదు కాబట్టి ఖాళీగా వదిలేశాను.

పది నెలలు ఏమీ కాలేదు. నా జబ్బ నేనే చరుచుకున్నాను. "చూశావా, పడ్డావా? విరిగిందా?" అనేదాన్ని. "నీ చలవే" అనేది.

శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు, ఏడాది మొత్తంలో గాజుల కొట్టు కిక్కిరిసే రోజు. మా ఊళ్ళో గ్రానైటు ముక్కలు చవక, ప్రతి ఇంటి గడపా అద్దంలా మెరుస్తుంది. బూబమ్మ పొద్దున్నే తడి కాలితో తన ఇంటి గడప దాటబోయి జారిపడింది. గాజుల కోసం వచ్చినవాళ్ళు మూసిన షట్టరు ముందు మధ్యాహ్నం దాకా నిలబడ్డారు. కుడి తుంటి.

అదే ఆసుపత్రి, అదే డాక్టరు. ఫోటో వెలుతురుకు పెట్టి చూసి, మెల్లగా అడిగాడు. "మామ్మగారూ, మాత్రలు వేసుకుంటున్నారా?"

నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. నా నోరు నాకెప్పుడూ అడ్డం తిరగలేదు జీవితంలో. ఆ రోజు తిరిగింది.

"నేనే మానేశానయ్యా" అంది బూబమ్మ. "చేదుగా ఉన్నాయని."

మింగే మాత్రకు చేదేమిటి? ఆయనకు తెలుసు. నా వైపు ఒకసారి చూశాడు. ఫోటో కవర్లో పెట్టేశాడు. అరిచి ఉంటే బాగుండేది. అరిస్తే నేనూ అరిచేదాన్ని, బేరం మొదలయ్యేది.

ఆపరేషను బాగానే అయింది. వాకరు పట్టుకుని నాలుగడుగులు వేసింది. కానీ బాసింపట్టు వెయ్యలేకపోయింది. మడత పడని కాలితో గద్దె మీద కూర్చునే వీల్లేదు, కుర్చీలో కూర్చుంటే ఎదుటివాళ్ళ చెయ్యి ఒళ్ళోకి రాదు. రెండు రోజులు ప్రయత్నించింది. మూడో రోజు తాళం చెవులు కోడలి చేతిలో పెట్టింది. కోడలు మంచిపిల్లే. ప్లాస్టిక్ కవర్లు తెప్పించింది.

నేను రోజూ వెళ్ళేదాన్ని కాదు. ఏదో ఒక వంక. వెళ్ళినప్పుడు బజారు కబుర్లే చెప్పేదాన్ని, ఊపిరాడకుండా, ఆమెకు మాట్లాడే సందివ్వకుండా. చలికాలం మొదట్లో ఒక పొద్దున వెళ్ళాను. మంచంలో ఆమె ఎంత చిన్నదయిపోయిందంటే దుప్పటి కింద మనిషి ఉందో లేదో చూసుకోవాల్సి వచ్చింది. చెయ్యి చాపింది. నా చెయ్యి అందుకుని నొక్కింది.

"టూ ఫోరే" అంది. "ఎముక పలచన. నాలాంటిదే. పరీక్ష చేయించుకో."

"నా మాట వినే కదా నీకీ గతి" అన్నాను. శ్రావణం నుంచీ నోట్లో తిరుగుతున్న మాట అది. బయటికి వచ్చేసరికి గొంతు నాది కానట్టుంది.

ఆమె నా చెయ్యి ఇంకా దగ్గరికి లాక్కుంది. నా బొటనవేలు లోపలికి మడిచింది. "చెయ్యి వదులు" అంది. "వదులమ్మా. నీది కాదనుకో." అక్కడ గాజులు లేవు. అయినా ఒక్కొక్కటే కణుపుల మీదుగా ఎక్కించసాగింది. పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది. లేని గాజు కణుపు దాటేటప్పుడు నాకు నొప్పి తెలిసింది, అబద్ధం చెప్పను. నాలుగు, అయిదు. ఆరో దాని దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"చిట్లింది" అంది.

దుప్పటి మీద ముక్కలు ఏరింది. రెండు, మూడు. గుప్పిట మూసి మంచం పక్కకు చాపి, డబ్బాలో వేసినట్టు తెరిచింది. "పోనీలే. నా లెక్క."

తరవాత పది రోజులకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయింది.

పరీక్ష మాత్రం నేను చేయించుకోలేదు. రెండేళ్ళు తప్పించుకుని తిరిగాను. మొన్నామధ్య స్టీలు బిందె ఎత్తబోతే నడుము కలుక్కుమంది, మా ఆయన బలవంతాన ఒంగోలు తీసుకెళ్ళాడు. ఎముక పలచన. ఆమె వేళ్ళు చెప్పిందే మిషను చెప్పింది. ఈసారి నేను రెండు వైపులూ అడిగాను. వేసుకుంటే ఏమిటి, వేసుకోకపోతే ఏమిటి, ఎన్నాళ్ళు, మంట వస్తే ఎక్కడికి రావాలి. డాక్టరు నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. అన్నిటికీ అదే ఓపికతో చెప్పాడు. నేను కుర్చీలోంచి లేవలేదు, కాగితం చేతికిచ్చేదాకా.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున పెద్ద గ్లాసుడు నీళ్ళతో మాత్ర మింగి, కొట్టు షట్టరు సగం ఎత్తి, అరగంట నిలబడతాను. గోడ అవతల కొట్టు ఆ వేళకు ఇంకా తెరవరు. అయినా ఆ పక్క నుంచి చప్పుడు వస్తుంది. గాజులు ఒకదానికొకటి తగిలే చప్పుడు కాదు. ఒక గాజు కణుపు ఎక్కలేక ఆగిపోయే ముందు వచ్చే చిన్న చప్పుడు. నా చెయ్యి దానంతటదే వదులవుతుంది. ఆ అరగంటా అది నాది కాదు.

లెక్క కట్టి చూశాను. నా బేరం వల్ల బూబమ్మకు ఆదా అయింది: కొన్నాళ్ళ గుండె మంట, అదీ డాక్టరు దగ్గరికి పోయి ఉంటే తీరేదే, బహుశా ఎప్పటికీ రాని దవడ జబ్బు, ఏడాదిలో కొన్ని ఆదివారాల అరగంటలు. పోయింది: కుడి తుంటి. గద్దె. ఒళ్ళోకి రావాల్సిన చేతులన్నీ. మాత్ర వేసుకున్నా పడి ఉండొచ్చు, విరిగీ ఉండొచ్చు. హామీ ఏ మందుకూ లేదని డాక్టరే అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నా లెక్క తగ్గించమని అడగొచ్చు. నా నాలుక చివరికి వస్తుంది కూడా. అడగను.

ఆమె డబ్బాలోంచి ఆ ముక్కలు వెనక్కి తీసుకుంటున్నాను. మెట్టు దిగాక జరిగింది కాదు అది. ఆమె తన చెయ్యి నాకిచ్చి, వదులుగా పెట్టి, నన్ను నమ్మి కూర్చున్నప్పుడు జరిగింది. తొడిగేటప్పుడు చిట్లింది. నా లెక్క.